కరోనా కాలంలో అడ్మిషన్: ఉన్న స్కూలా, కొత్త స్కూలా, సర్కారు బడా?

2021 జూలై వచ్చేసింది. తెలంగాణలో ఒకటో తారీఖు నుంచి ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. ఆంధ్రలో ఆగస్టు 16న బడులు తెరుస్తామంటున్నారు. నిరుడు, అంటే 2020 మార్చిలో, మూతపడ్డ స్కూళ్లు మధ్యలో కొన్నాళ్లు తెరిచినట్టే తెరిచి, సెకండ్ వేవ్ రావడంతో మళ్లీ మూశారు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లోనూ, చుట్టాల ఇళ్లలోనూ ఒకటే మాట. "ఫీజు కట్టమని రోజూ మెసేజ్ వస్తోంది. కట్టాలా, మార్చాలా, ఈ ఏడాదికి మానిపించాలా?"

నేను ప్రైవేటు స్కూళ్లలో లెక్కలు చెప్పినదాన్ని. అడ్మిషన్ల సీజన్‌లో టీచర్లను కూడా ఇంటింటికీ పంపిస్తారు కాబట్టి కౌంటర్‌కి అవతలి వైపు ఏం జరుగుతుందో దగ్గరగా చూశాను. ఏ స్కూలు మంచిదని పేర్లు చెప్పడం లేదు. ఎవరి ఇంటికి ఏది సరిపోతుందో ఎలా తేల్చుకోవాలన్నది చెబుతాను.

ఇన్నాళ్లూ మనం స్కూలు ఎంచుకునేటప్పుడు చూసినవి చాలావరకు ఈ ఏడాది పనికిరావు. ఏసీ గదులు, గ్రౌండ్, స్విమ్మింగ్ పూల్, బస్సు, కంప్యూటర్ ల్యాబ్, వీటిలో ఒక్కటీ పిల్లవాడి దాకా రాదు. ఫోన్‌లోంచి వచ్చే టీచర్ గొంతు, ఆమె దిద్దే నోట్సు మాత్రమే వస్తాయి. కాబట్టి స్కూలు తన టీచర్లను ఎలా చూసుకుంటోందన్నదే ఈ ఏడాది నా మొదటి కొలత. మిగతావన్నీ ఆ తర్వాతే.

ముందు టీచర్ సంగతి అడగండి

గత ఏడాదిగా ఎంతోమంది ప్రైవేటు టీచర్లకు సగం జీతమే వచ్చింది. కొందరికి అదీ లేదు. ఉపాధి హామీ పనులకు వెళ్లినవాళ్లు, కూరగాయల బండి పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. పరిస్థితి ఎంత దూరం వెళ్లిందంటే, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు స్కూళ్ల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. టీచర్లను తీసేసిన స్కూల్లో ఏం జరుగుతుంది? మూడు సెక్షన్లను కలిపి ఒకే లింక్‌లో కూర్చోబెడతారు. రికార్డు చేసిన వీడియోలు పంపిస్తారు. ఫీజు మాత్రం ఎప్పటిలాగే అడుగుతారు.

మా వీధిలో మూడో తరగతి పిల్లలు ఇద్దరున్నారు. ఒకడిది పెద్ద పేరున్న స్కూలు. వాడి క్లాసు పక్కన కూర్చుని చూశాను. స్క్రీన్ నిండా చిన్న చిన్న గడులు, సగం గడుల్లో పిల్లల బదులు పేర్లే కనిపిస్తున్నాయి. టీచర్ స్లైడ్లు చదువుతూ పోయారు, అందరూ మ్యూట్. నలభై నిమిషాల్లో వీడి పేరు ఒక్కసారి కూడా వినపడలేదు. రెండో వాడిది రెండు అంతస్తుల అద్దె బిల్డింగ్‌లో నడిచే చిన్న స్కూలు. వాడు 503 లోంచి 268 తీసేసి 365 అని రాసి, నోట్సు ఫోటో టీచర్‌కి వాట్సాప్‌లో పెట్టాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసుకుంటూ పోయాడన్నమాట, పిల్లలు ఎక్కువగా చేసే తప్పే. సాయంత్రానికి ఆ ఫోటో తిరిగొచ్చింది, సున్నా చుట్టూ ఎర్రగా గీసి. వెంట ఒక వాయిస్ మెసేజ్: "మూడులోంచి ఎనిమిది పోదు కదా నాన్నా. అప్పు అడుగుదామంటే పదుల ఇంట్లో ఎవరూ లేరు, సున్నా ఉంది. అందుకని వందల ఇంటికి వెళ్లి అడుగు. మళ్లీ చేసి పంపు." వాడు చేసి పంపాడు, 235.

రెండో స్కూలు ఫీజు మొదటిదాంట్లో నాలుగో వంతు కూడా ఉండదు.

అందుకే ఏ స్కూలుకి వెళ్లినా ఈ నాలుగు సంగతులు కనుక్కోండి. గత ఏడాది ఈ తరగతికి చెప్పిన టీచర్ ఇప్పుడూ ఉన్నారా? ఒక లింక్‌లో ఎంతమంది పిల్లలు? నోట్సు ఎవరు దిద్దుతారు, ఎన్ని రోజులకోసారి? మేం ఒక క్లాసు పక్కన కూర్చుని చూడొచ్చా? చివరిదానికి "కుదరదండీ" అంటే ఫీజు కట్టే ముందు ఇంకోసారి ఆలోచించుకోండి. జీతాల సంగతి కౌంటర్‌లో చెప్పరు. అక్కడ పనిచేసే టీచరమ్మ ఎవరైనా మీ చుట్టుపక్కల ఉంటే అడగండి, ఉన్నదున్నట్టు చెబుతారు.

ఉన్న స్కూల్లోనే ఉంచడం

ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లలున్న ఇళ్లకు నా సలహా ఇదే, మరీ భరించలేని కారణం ఉంటే తప్ప. 2020, 2021 రెండేళ్లూ పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. ఈసారి తెలంగాణలో ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే బడిలోనే పెట్టే చిన్న పరీక్షల మార్కుల మీదే గ్రేడ్లు ఇచ్చారు. అంటే స్కూలు దగ్గర ఉన్న రికార్డే పిల్లవాడి ఫలితం అయింది. వచ్చే ఏడాది ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు, అలాంటప్పుడు మధ్యలో రికార్డు చేతులు మారడం మంచిది కాదు. పైగా సీబీఎస్‌ఈలో తొమ్మిదో తరగతిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ అయిపోతుంది. నేరుగా పదిలో చేరడానికి ప్రత్యేక కారణాలు చూపించాలి. స్టేట్ సిలబస్ నుంచి సీబీఎస్‌ఈకి గానీ, అటు నుంచి ఇటు గానీ మారాలంటే ఏడో తరగతి లోపు మారడం నయం.

ఉన్న స్కూల్లోనే ఉంచడమంటే అడిగినంతా కట్టేయడం కాదు. తెలంగాణలో 2020 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 46 ప్రకారం ఫీజు పెంచకూడదు, ట్యూషన్ ఫీజు మాత్రమే తీసుకోవాలి, అదీ నెలనెలా. 2021 జూన్ చివర్లో వచ్చిన జీవో 75 2021-22కీ అదే చెప్పింది. ఆంధ్రలో 2020-21కి ట్యూషన్ ఫీజులో 70 శాతమే తీసుకోవాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2021 మే 3న సుప్రీంకోర్టు రాజస్థాన్ స్కూళ్ల కేసులో తీర్పు చెబుతూ, పిల్లలు వాడుకోని సౌకర్యాలకు గాను 2020-21 ఫీజులో 15 శాతం తగ్గించమంది. ఫీజు బాకీ ఉందని ఆన్‌లైన్ క్లాసు ఆపకూడదని, రిజల్ట్ తొక్కిపెట్టకూడదని కూడా అంది. కేసు రాజస్థాన్‌దే అయినా, ప్రిన్సిపాల్‌తో మాట్లాడేటప్పుడు ఈ తీర్పు ప్రస్తావించండి.

ఇంకో సంగతి. 2019-20 ఫీజు రసీదు, ఈ ఏడాదిది పక్కపక్కన పెట్టి చూడండి. అప్పటి రసీదులో ట్యూషన్ 28,000, కంప్యూటర్ 3,000, లైబ్రరీ 1,500, యాక్టివిటీ 2,500 అని విడివిడిగా ఉన్నాయనుకుందాం. ఇప్పటి రసీదులో ట్యూషన్ ఫీజు 35,000 అని ఒకే లైను ఉంటే, తీసుకోకూడదన్న ఫీజులన్నీ ఆ లైనులోకే చేరాయన్నమాట. పాత రసీదు జిరాక్స్ పట్టుకెళ్లి, ఆ లైన్లు వేలితో చూపించి, నెమ్మదిగా అడగండి. గొడవ పడక్కర్లేదు. నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళితే ఇంకా మంచిది. తేలకపోతే డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

అయితే ఉద్యోగం పోకుండా, జీతం సరిగ్గా పడుతున్న ఇళ్లకు నా మనవి ఒకటుంది. జీవో ప్రకారం కట్టాల్సిన ట్యూషన్ ఫీజు మాత్రం నెలనెలా కట్టండి. ముఖ్యంగా చిన్న స్కూళ్లలో టీచర్ జీతం వచ్చేది అందులోంచే. నిజంగా ఇబ్బందిలో ఉన్నవాళ్లు బాకీని వాయిదాల్లో కడతామని కాగితం మీద రాసిచ్చి, ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. నోటిమాటగా ఒప్పుకున్నది అకౌంటెంట్ మారితే ఎవరికీ గుర్తుండదు.

కొత్తగా పెద్ద స్కూలుకి మారడం

ఈ సీజన్‌లో స్కూళ్ల తరఫున అడ్మిషన్లు పట్టే పీఆర్వోల ఫోన్లు మామూలుగా రావడం లేదు. "అడ్మిషన్ ఫీజు మాఫీ మేడం, నెలాఖరు దాకానే." ఇలాంటి ఆఫర్ వింటే కంగారు పడకండి. క్లాసుకి ఇన్నే సీట్లన్న మాట బెంచీలు ఉన్నప్పటిది, ఆన్‌లైన్‌లో ఆ ఇబ్బందే లేదు. చూడాల్సింది ఈ ఏడాది తగ్గింపు కాదు, వచ్చే ఏడాది బిల్లు. మొదటి ఏడాది ఇచ్చిన రాయితీ రెండో ఏడాది ఉండదు. అప్పటికి పిల్లవాడు అలవాటు పడి ఉంటాడు, మనం కదల్లేం. కనీసం మూడేళ్ల ఫీజు ఎలా ఉంటుందో రాసిమ్మనండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో, కాషన్ డిపాజిట్ ఎప్పుడిస్తారో కూడా రాయించుకోండి.

పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టి వడపోయడాన్ని విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ నిషేధించింది. డొనేషన్ తీసుకోవడం కూడా అదే సెక్షన్ కింద నేరం. ఆన్‌లైన్‌లో "చిన్న ఇంటరాక్షన్" అని పిలిచేది కూడా ఇలాంటిదే.

ఊరు మారినవాళ్లు, ఉన్న స్కూలు మూతపడినవాళ్లు తప్పదు కాబట్టి చూసుకోవాలి. మిగతావాళ్లు ఈ ఏడాది పెద్ద స్కూలుకి మారడం నాకు నచ్చదు. కొత్త పిల్లవాడు టీచర్‌ని నేరుగా చూడకుండా, పక్కన కూర్చునే స్నేహితుడు లేకుండా, అంత పెద్ద క్లాసులో ఒక గడిగా మొదలవుతాడు. ఏదైనా అర్థం కాకపోతే ఎవరిని అడగాలో కూడా వాడికి తెలియదు. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అని రెట్టింపు ఫీజు అడిగే చోట్లయితే, రెండేళ్ల భిన్నాలు, దశాంశాలు సరిగ్గా అందని పిల్లలకు దేని మీద ఫౌండేషన్ వేస్తారో నాకు అర్థం కాదు.

కాలనీలోని చిన్న స్కూలు

రెండో తరగతి నుంచి ఏడో తరగతి దాకా, ఇంట్లో పక్కన కూర్చుని చదివించే మనిషి లేకపోతే, నేను ముందు చూసేది ఇలాంటి స్కూళ్లనే. నడిచి వెళ్లేంత దూరం, టీచర్ కూడా ఆ చుట్టుపక్కలే ఉంటారు. బడి తెరిచినా బస్సులో కిక్కిరిసి కూర్చోబెట్టే టెన్షన్ ఉండదు. మళ్లీ మూస్తే వర్క్‌షీట్లు చేత్తో తెచ్చుకోవచ్చు.

భయం ఒక్కటే, రేపు ఉంటుందో ఉండదో అని. బిల్డింగ్ అద్దె కట్టలేక ఇలాంటివి మూతపడుతూనే ఉన్నాయి. అందుకని ఏడాది ఫీజు ఒకేసారి ఎంత తగ్గింపు ఇస్తామన్నా కట్టకండి, నెలనెలా కట్టండి. తర్వాత గుర్తింపు సంగతి. ప్రతి గుర్తింపు పొందిన స్కూలుకీ 11 అంకెల యూడైస్ కోడ్ (ప్రభుత్వ రికార్డుల్లో ఆ స్కూలు నంబర్) ఉంటుంది, అడిగి తీసుకోండి. ఏ తరగతి వరకు గుర్తింపు ఉందో కాగితం చూపించమనండి. ఏడు దాకానే గుర్తింపు పెట్టుకుని, పది దాకా చెబుతూ, పిల్లల్ని ఇంకో స్కూలు రోల్స్‌లో చూపించేవాళ్లు ఉన్నారు. బోర్డు మీద "సీబీఎస్‌ఈ ప్యాటర్న్" అని ఉంటే అది అఫిలియేషన్, అంటే బోర్డు గుర్తింపు, కాదు. అఫిలియేషన్ ఉంటే నంబర్ ఉంటుంది, బోర్డు వెబ్‌సైట్‌లో వెతికితే దొరుకుతుంది. ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగినా ఏ స్కూలుకి ఎంతవరకు గుర్తింపు ఉందో చెబుతారు.

సర్కారు బడి

"నలుగురూ ఏమనుకుంటారో" అన్న ఒక్క మాట పక్కన పెట్టగలిగితే, చాలా ఇళ్లకు ఈ ఏడాది ఇదే సరైన దారి. అప్పు చేసి ఫీజు కట్టే ఇళ్లకయితే రెండో ఆలోచన వద్దంటాను. సర్కారు టీచర్ బీఈడీ గానీ డీఈడీ గానీ చేసి, టెట్, డీఎస్సీ లాంటి పరీక్షలు దాటి వచ్చినవారు. కరోనాలోనూ వాళ్ల ఉద్యోగం ఎక్కడికీ పోలేదు కాబట్టి, ఏడాది మధ్యలో టీచర్ మాయమయ్యే బెడద తక్కువ. ఆంధ్రలో బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదటి విడతలో 15,000కి పైగా బళ్లకు మరుగుదొడ్లు, మంచినీళ్లు, ఫర్నిచర్, రంగులు వచ్చాయి. 2021లో విద్యాకానుక పథకం కింద మూడు జతల యూనిఫాం, పుస్తకాలు, బూట్లు, బ్యాగు ఇచ్చారు. బడికి వెళ్లే పిల్లల తల్లులకు డబ్బిచ్చే అమ్మఒడి పథకం మాత్రం 2021లో గుర్తింపున్న ప్రైవేటు స్కూలు పిల్లల తల్లులకూ వర్తించింది కాబట్టి, ఆ డబ్బు కోసమే మార్చక్కర్లేదు. 2021 జనవరిలో 15,000లో బడి మరుగుదొడ్ల నిర్వహణకు 1,000 పోగా 14,000 పడ్డాయి.

లోటుపాట్లూ చెప్పాలి. ఈ 2021లో ఆన్‌లైన్ అంటే ఇక్కడ చాలావరకు టీవీ పాఠాలే, తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్, ఆంధ్రలో సప్తగిరి. టీవీ పాఠం ఇటు మాట అటు వినదు. పిల్లవాడికి వచ్చిన సందేహం తీర్చడం ఆ బడి టీచర్ ఫోన్ చేస్తారా, వారానికోసారైనా వర్క్‌షీట్ చూస్తారా అన్నదాని మీద ఉంటుంది. అది బడికి బడికి మారుతుంది. కాబట్టి "గవర్నమెంట్ స్కూలు ఎలా ఉంటుంది" అని ఊళ్లో వాళ్లను అడగొద్దు, మీ వాడకట్టులో ఉన్న ఆ ఒక్క బడికి వెళ్లి హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడండి. చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 30 మందికి ఒక టీచర్ ఉండాలి, అక్కడ నిజంగా ఎంతమంది ఉన్నారో చూడండి. ఐదు తరగతులకు ఒక్కరే టీచర్ ఉన్న బడి అయితే ఇంకో బడి వెతకండి. మీ పిల్లవాడి తరగతికి ఇంగ్లిష్ మీడియం ఉందా అన్నదీ ముందే తెలుసుకోవాలి.

పాత స్కూలు బాకీ పేరు చెప్పి టీసీ ఇవ్వడం లేదని ఎంతోమంది ఆగిపోతున్నారు. ఆగక్కర్లేదు. విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని సర్కారు బడిలో అడ్మిషన్ ఆపకూడదు, ఎనిమిదో తరగతి దాకా ఇది వర్తిస్తుంది. ఆధార్, పుట్టిన తేదీ కాగితం తీసుకెళ్లి పిల్లవాణ్ని చేర్పించేయండి. టీసీ కోసం ఎంఈవోకి అర్జీ పెట్టుకోండి. ఐదో తరగతిలో చేరాల్సిన పిల్లలున్నవాళ్లు గురుకులాల ఎంట్రన్స్ కూడా చూసుకోవాలి, సీటు వస్తే చదువు, భోజనం, వసతి అన్నీ అక్కడే.

నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ

ఇక్కడ నాది గట్టి అభిప్రాయం. మూడేళ్ల బిడ్డను ఫోన్ ముందు కూర్చోబెట్టడానికి 40,000 కట్టొద్దు. కేంద్ర విద్యాశాఖ 2020 జూలైలో ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలు ప్రీ-ప్రైమరీ పిల్లలకు రోజుకి 30 నిమిషాలకు మించి ఆన్‌లైన్ వద్దన్నాయి, అదీ ఎక్కువగా తల్లిదండ్రులతో మాట్లాడటానికే. ఒకటి నుంచి ఎనిమిది వరకు రోజుకి రెండు క్లాసులు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలే. మీ స్కూలు ఎల్‌కేజీకి మూడు గంటల టైంటేబుల్ ఇచ్చిందంటే ఆ మార్గదర్శకాలు చదివినట్టు లేదు.

"ఇప్పుడు చేర్చకపోతే ఒకటో తరగతిలో సీటు దొరకదు" అని భయపెడతారు. చట్టం ఆరేళ్లు నిండిన పిల్లలకు వయసుకు తగిన తరగతిలో ప్రవేశం ఇమ్మంటుంది, ఎల్‌కేజీ చదివి ఉండాలని ఎక్కడా లేదు. ఇంట్లో కథలు చెప్పండి, పప్పులు లెక్కపెట్టించండి, పలక మీద అ ఆ దిద్దించండి, క్రేయాన్లు ఇచ్చి వదిలేయండి. ఆ ఏడాది ఫీజు మిగిలితే ఒకటో తరగతికి అక్కరకొస్తుంది. తల్లీతండ్రీ ఇద్దరూ పనికి వెళ్లే ఇళ్ల ఇబ్బంది వేరు, వాళ్లకు కావాల్సింది బిడ్డను చూసుకునే మనిషి. దానికి ఆన్‌లైన్ ఎల్‌కేజీ ఎలాగూ పనికిరాదు.

లెర్నింగ్ యాప్‌ల సంగతి రెండు మాటల్లో. పాఠం అర్థం కావడానికి కొన్ని బాగానే పనికొస్తాయి. కానీ యాప్ స్కూలు కాదు, టీసీ ఇవ్వదు. రోల్స్‌లో పేరు లేకుండా యాప్ ఒక్కటే పెట్టుకుని ఏడాది గడపొద్దు. ఈఎంఐ మీద మూడేళ్ల ప్యాకేజీ అంటే సంతకం పెట్టకండి.

కరోనా తీసుకెళ్లిన ఇళ్లు

మీ చుట్టుపక్కల తల్లినీ తండ్రినీ కోల్పోయిన పిల్లలు ఉంటే, దగ్గరివాళ్లు ఎవరైనా ఈ పని చేసిపెట్టండి. 2021 మే 29న కేంద్రం ప్రకటించిన పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ పథకం కింద పదేళ్ల లోపు పిల్లలకు దగ్గరలోని కేంద్రీయ విద్యాలయంలో గానీ ప్రైవేటు స్కూల్లో గానీ ప్రవేశం ఇప్పిస్తామన్నారు. ప్రైవేటు అయితే విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ఫీజు పీఎం కేర్స్ నిధి నుంచే కడతామన్నారు. 11 నుంచి 18 ఏళ్ల వారికి సైనిక్ స్కూల్, నవోదయ లాంటి కేంద్ర ప్రభుత్వ రెసిడెన్షియల్ స్కూళ్లు. ఆంధ్ర ప్రభుత్వం అలాంటి పిల్లల పేరున 10 లక్షల డిపాజిట్ వేస్తామంది. 1098కి ఫోన్ చేస్తే జిల్లా బాలల సంక్షేమ కమిటీ దాకా తీసుకెళతారు. ఆ ఇంట్లో పెద్దలకు ఇప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఉండదు.

ఎక్కడ చేర్చినా జాగ్రత్త పెట్టాల్సిన కాగితాలు

2020-21కి కూడా స్టడీ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. "ఆ ఏడాది స్కూలే నడవలేదు కదా" అనుకోవద్దు. తెలంగాణలో ఉద్యోగాలకు లోకల్ అభ్యర్థి ఎవరన్నది 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడు వరకు ఏ జిల్లాలో కనీసం నాలుగేళ్లు చదివారన్నదాన్ని బట్టి తేలుస్తారు. ఆంధ్రలో 2021 నాటికి పదో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్లు చూసేవారు. సొంతూరికి వెళ్లిపోయి ఏడాదిపాటు ఏ బడి రోల్స్‌లోనూ లేని పిల్లవాడికి పదిహేనేళ్ల తర్వాత ఆ గ్యాప్ అడ్డం రావచ్చు. స్కూలు మూతపడుతోందని తెలిస్తే మరీ తొందరపడండి. యాజమాన్యం ఊళ్లో ఉండగానే టీసీ, అన్ని తరగతుల సర్టిఫికెట్లు, మార్కుల రిజిస్టర్ పేజీ జిరాక్స్ సంతకాలతో తీసుకోండి. మూసేశాక అయితే రికార్డులు ఎక్కడికి చేరాయో ఎంఈవో ఆఫీసులో వాకబు చేసి, అక్కడి నుంచి రాబట్టుకోవాలి. తీసుకున్న ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి మెయిల్లో కూడా పెట్టుకోండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోయాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకుని అప్పుడు కదలండి.